ఇంటి వస్తువుల జీర్ణోద్ధరణ

జీర్ణోద్ధరణ మను మాట వినగానే మనకు పాత దేవాలయములు, తెగిన చెరువు కట్టలు జ్ఞప్తికి వచ్చును. సప్తసంతానములలో తటాకమును, ఆలయమును చేర్చిన మన పూర్వులు, వానిని క్రొత్తగా నిర్మించుటను ఎంత గొప్పగా చెప్పిరో శిథిలమైనవానిని నిలబెట్టుటను కూడ అంత గొప్పగానే చెప్పిరి. క్రొత్తది కట్టించుటకంటె పాతది నిలుపుటయే మిన్న యను పెద్దలును ఉండిరి. ఏలన, క్రొత్తది కట్టించువానికి శిలాశాసనము మిగులును. పాతది బాగుచేయువానికి పని మాత్రమే మిగులును. ఈ మాటను గోపురముల ఎత్తునుండి దింపి మన యింటి అటకమీదికి తెచ్చిన బాగుండునని నాకు చాలకాలముగా తోచుచున్నది. ఆ అటకమీద ఏమున్నవి? పలుకని రేడియో, తిరుగని పంకా, వేడెక్కని ఇస్త్రీపెట్టె, బిగుసుకొనిపోయిన కుట్టుమిషను. ఇవి యన్నియు ఒకప్పుడు మనకు ఊడిగము చేసినవే.

ఇట్టివానిని తెచ్చుకొని, తీరిక వేళలలో విప్పి, తుడిచి, చెడినదానిని మార్చి, తిరిగి నడిపించుటయే వ్యాసంగముగా గలవారు నేడు మన పట్టణములలో అక్కడక్కడ కనబడుచున్నారు. వారిలో విశ్రాంత ఉద్యోగులున్నారు, బ్యాంకు గుమాస్తాలున్నారు, ఇంజనీరింగు చదువుచున్న పిల్లలున్నారు. వారు దీనివలన డబ్బు గడింపరు. పైపెచ్చు కొంత ఖర్చు పెట్టుకొందురు. హైదరాబాదులో జుమ్మేరాత్ బజారున, ఎఱ్ఱగడ్డ ఆదివారపు సంతలో నేలపై పరచిన పాతసామాను నడుమ గొంతుక్కూర్చుండి దేనినో వెదకుచుండువారిలో ఇట్టివారు ఒకరిద్దఱైన ఉందురు. కోఠీలోని గుజరాతీ గల్లీలో చిన్న చిన్న విడిభాగములకై తిరుగువారిలోను వీరుందురు. ఇంట్లో వారికి ఇది చాదస్తముగా కనబడుట సహజమే. కాని ఆ చాదస్తములో మన మొక పాత విద్యను గుర్తింపవచ్చును.

మన యిండ్లలో వస్తువు చెడగానే పారవేయు అలవాటు పూర్వము లేదు. ఇత్తడి గిన్నె లోపలి పూత పోయినచో వీధిలో కళాయివాని కేక వినబడువఱకు దానిని ప్రక్కన పెట్టెడివారు. అతడు అరుగు ప్రక్క గుంట త్రవ్వి, తిత్తితో బొగ్గులు రాజేసి, కాగిన గిన్నెలో నవాసాగరము చల్లి, తగరము తాకించి, దూదితో ఒక్క త్రిప్పు త్రిప్పునప్పటికి నల్లని గిన్నె వెండిగిన్నె అయ్యెడిది. పిల్లలకు అది ఇంద్రజాలము. పెద్దలకు ఆరోగ్యరక్షణము, ఏలన కళాయి లేని ఇత్తడిలో పులుసు కాచరాదు. రోలు నునుపెక్కినచో కక్కు కొట్టించెడివారు. గొడుగు ఊచ విరిగినచో ఊచ మాత్రమే మార్పించెడివారు. చినిగిన చీరలు బొంతలుగా మారి మఱి పదేండ్లు బ్రదికెడివి. వస్తువునకు బాల్యము, యౌవనము, వార్ధక్యము ఉండెడివి. దాని మరణము ఇంటిల్లిపాదికి తెలిసి జరిగెడిది.

విద్యుత్తుతో నడచు వస్తువులు వచ్చిన తరువాత ఈ పరిచయము తగ్గినది. గిన్నెకు చిల్లి పడినచో కంటికి కనబడును. మిక్సీ ఆగిపోయినచో లోపల ఏమైనదో కనబడదు. కనబడనిదానియందు మనకు భయము, భయము వెంట నిర్లక్ష్యము. వర్తకులును ఈ స్థితిని పెంచి పోషించిరి. 1924లో జెనీవా నగరమున పెద్ద బల్బుల కంపెనీలు కొన్ని ఫీబస్ అను పేర ఒక కూటమిగా ఏర్పడి, బల్బు వేయి గంటలకు మించి వెలుగరాదని కట్టుబాటు చేసికొనిన సంగతి చరిత్రకెక్కినది. అంతకుముందు దానికంటె ఎక్కువకాలము వెలిగిన బల్బులుండెడివి. కాలిఫోర్నియాలోని లివర్మోరు పట్టణపు అగ్నిమాపక కేంద్రములో 1901లో వెలిగించిన బల్బొకటి శతాబ్దము దాటియు వెలుగుచుండుట లోకప్రసిద్ధము. నేటి వస్తువులలో పెక్కింటికి మరచీలలు లేవు. జిగురుతో అతికించి పంపుచున్నారు. విప్పుటకు వీలులేని వస్తువు బాగుచేయుటకును వీలులేనిదే.

దీని ఫలితము లెక్కలలో తేలినది. ఐక్యరాజ్యసమితి పక్షమున 2024లో వెలువడిన నివేదిక ప్రకారము, 2022 సంవత్సరములో ప్రపంచమంతట పారవేయబడిన విద్యుత్ వస్తువుల బరువు 6 కోట్ల 20 లక్షల టన్నులు. వానిలో పద్ధతి ప్రకారము సేకరింపబడి తిరిగి ఉపయోగమునకు వచ్చినట్లు లెక్కకు దొరకినది నూటికి 22.3 పాళ్లు మాత్రమే. మిగిలినదానిలో కొంత మన నగరముల శివారులలో తీగలు కాల్చి రాగి తీయు పేదల ఊపిరితిత్తులలోనికి పొగయై పోవుచున్నది. మన దేశమున ఈ చెత్తపై నియమములు 2011లో వచ్చి, 2016లో మాఱి, 2022లో మరల మాఱి 2023 ఏప్రిలు 1 నుండి అమలులోనికి వచ్చినవి. చట్టము చేయవలసిన పని చట్టము చేయుగాక. కాని ఒక మిక్సీ చెత్తకుప్పకు చేరుటకు ముందు ఇంటి గడపమీద ఒక్క క్షణము ఆగును. ఆ క్షణము మన చేతిలోనిది.

మిక్సీ సంగతి వచ్చినది కనుక ముందుగా దానినే చూతము. ఉన్నట్లుండి ఆగిపోయిన మిక్సీలలో కొన్నింటికి ఏ రోగమును ఉండదు. పిండి గట్టిపడి మోటారుపై భారము మితిమీఱినప్పుడు అది కాలిపోకుండ అడుగుభాగమున ఒక చిన్న రక్షకమీట, తఱచుగా ఎఱ్ఱనిది, దానంతటది విడివడి కరెంటును ఆపును. కొంతసేపు చల్లారనిచ్చి, బల్ల క్రింది ఆ మీటను వ్రేలితో నొక్కినచో యంత్రము మరల తిరుగును. ఈ చిన్న సంగతి తెలియక మిక్సీని పాతసామానువానికి వేసినవారు కలరు. మీట నొక్కినను తిరుగనిచో లోపలి కార్బన్ బ్రష్షులు అరిగియుండవచ్చును. అవి తిరుగుచున్న భాగమునకు కరెంటునందించు రెండు బొగ్గుముక్కలు. అరుగుటయే వాని ధర్మము, మార్చుటయే మన ధర్మము. మోటారు తిరుగుచు గిన్నెలోని కత్తి తిరుగనిచో రెంటిని కలుపు కప్లరు పండ్లు అరిగినవని గ్రహింపవలెను. ఈ రెండు భాగములును స్వల్పమైన వెలకు దొరకునవే.

అసలు మన దేశపు మిక్సీయే ఒక చెడిన వస్తువునుండి పుట్టినదన్న ఆశ్చర్యము కలుగును. 1960వ దశకమున బొంబాయిలో సత్యప్రకాశ్ మాథుర్ అను ఇంజనీరు ఇంటిలో ఒక జర్మను మిక్సీ ఉండెడిది. అది ఐరోపా వంటలకు చేసినది. మన నానిన పప్పులను, ఎండు మసాలాలను తాళలేక కాలిపోయినది. బాగుచేయించు మార్గము సులభముగా దొరకలేదు. అప్పు డాయన మన వంటింటి పనికి తట్టుకొను మోటారుతో స్వయముగా ఒక మిక్సీని రూపొందించెను. సుమీత్ అను పేరుతో అది దేశమంతట వ్యాపించినది. కాలిపోయినదానిని చూచి విసుగుకొని ఊరకున్నచో ఆ కథ అక్కడనే ముగిసియుండెడిది. ఇది ఎందులకు చెడినది అను ప్రశ్నయే దానిని ముందుకు నడిపినది.

ఇక పంకా. 1882లో అమెరికాలో ఫిలిప్ డీల్ అను నాతడు కుట్టుమిషను మోటారును ఇంటికప్పునకు వ్రేలాడదీసి దానికి రెక్కలు తగిలించుటతో విద్యుత్ సీలింగు ఫ్యాను పుట్టినదని చెప్పుదురు. నేటి మన పాత పంకాలలో కానవచ్చు జబ్బు ఒకటే: మీట నొక్కగా గొణుగును గాని కదలదు; లేదా ముసలివానివలె మెల్లగా నడచును. ఇంటికి వచ్చు కరెంటు ఒక్క దశతో కూడినది. అది అయస్కాంతబలమును ముందు వెనుకలకు ఊపును గాని గుండ్రముగా త్రిప్పజాలదు. రెండవ చుట్టకు కరెంటును కొంచెము వేళ మార్చి అందించి, ఆ ఊపును చుట్టుగా మార్చునది కెపాసిటరు. సాధారణముగా రెండున్నర మైక్రోఫారడుల ఆ చిన్న డబ్బా ఏండ్లు గడచిన కొలది నీరసించును. దాని వెల ఒక సినిమా టిక్కెట్టు వెలను మించదు. అది మార్చి, బేరింగులలోని ఎండిన గ్రీజు కడిగి క్రొత్తది పెట్టినచో, ముప్పది యేండ్ల పంకా చప్పుడు లేక తిరుగును.

ఈ వ్యాసంగమునకు మకుటాయమానమైనది వాల్వు రేడియో. 1938 జూన్ 16న మద్రాసు కేంద్రము, 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రము వెలసిన తరువాత తెలుగు గ్రామములలో రేడియో ఒక గౌరవచిహ్నమైనది. దానికి తపాలా కార్యాలయములో రుసుము చెల్లించి లైసెన్సు పొందవలసియుండెడిది. 1947లో ట్రాన్సిస్టరు కనుగొనబడినను, మన యిండ్లలో అటుపై చాలకాలము వాల్వు రేడియోలే పలికినవి. మీట త్రిప్పిన వెంటనే అవి మాటాడవు. లోపలి గాజుబుడ్లు ఎఱ్ఱబడి వేడెక్కుటకు కొన్ని క్షణములు పట్టును. పిమ్మట దూరమునుండి వచ్చినట్లు స్వరము వినవచ్చును.

మా కళాశాలలో భౌతికశాస్త్రము చెప్పి విశ్రాంతి తీసికొన్న మిత్రుడొకరు ఇట్టి రేడియోలను బాగుచేయుటలో సిద్ధహస్తులు. కొన్నేండ్ల క్రిందట దివిసీమలోని ఒక గ్రామమున పాత ఇల్లు పడగొట్టుచుండగా దూలము ప్రక్కనుండి దిగిన రేడియో నొకదానిని ఆయన పాతసామానువానివద్ద కిలోల లెక్కన కొనిరి. లోపల ఎలుకలు గూడు కట్టినవి. ముల్లును నడుపు దారము తెగిపోయినది. మైనపు కాగితపు కెపాసిటర్లు కారిపోయినవి. ఒక వాల్వు ప్రాణము విడిచినది. ఆయన దానికి వెంటనే కరెంటు ఇయ్యలేదు. మొదట దుమ్ము దులిపి, కారిన కెపాసిటర్ల నన్నింటిని మార్చి, గుజరాతీ గల్లీలో ఒక పాత నిలువలో అట్టి వాల్వును సంపాదించి, చివరకు ఒక బల్బును వరుసలో కలిపి దానిద్వారా కొద్దికొద్దిగా కరెంటు పంపిరి. లోపల ఎచ్చటనైన తీగలు కలిసిపోయినచో బల్బు పూర్తిగా వెలిగి హెచ్చరించును, రేడియో బ్రదుకును. ఇది ఈ వ్యాసంగము చేయువారందఱు నేర్వదగిన మొదటి పాఠము.

అద్దమును శుభ్రము చేయునప్పుడు దానిపై ఒక ఎఱ్ఱని చుక్క కనబడినది. మఱకయని దూదితో తుడువబోయి, ఆయన ఆగిరి. మఱక యైనచో ఇంత గుండ్రముగా, ఇంత శ్రద్ధగా ఉండదని తోచినది. దారము క్రొత్తగా చుట్టి విజయవాడ కేంద్రమును పట్టుకొనిన తరువాత చూడగా, ముల్లు నిలువవలసిన చోటు ఆ చుక్కయే. ఆ యింటి ఆడపడుచు మచిలీపట్నములో ఉన్నదని తెలిసికొని రేడియోను ఆమెయొద్దకు తీసికొనిపోయిరి. ఎనుబది దాటిన ఆమె పెట్టెను తడవి, అద్దముమీద చుక్కపై వ్రేలుంచి, “అమ్మకు అక్షరాలు రావు మాస్టారూ. ఇంగ్లీషు అంకెలు అసలే రావు. ముల్లు ఇక్కడికి తిప్పుకోమ్మా అని పోస్టాఫీసు లక్కతో నేనే పెట్టాను ఈ చుక్క. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు,” అనెనట. రేడియో నేడు ఆమె గదిలోనే ఉన్నది. మిత్రుడు దానికి పైకము పుచ్చుకొనలేదు.

ఆ చుక్కను తుడువకుండుటలోనే ఈ విద్య మర్మమున్నదని నా యభిప్రాయము. నేను తెలుగు చెప్పువాడను గనుక నాకు గ్రంథపరిష్కరణము జ్ఞప్తికి వచ్చును. సి. పి. బ్రౌను దొర, వేటూరి ప్రభాకరశాస్త్రిగారు, మానవల్లి రామకృష్ణకవిగారు చెదలు తిన్న తాళపత్రములను సేకరించి చేసిన పని యిదియే గదా. లేఖకుని చేతిలో దొరలిన తప్పును దిద్దవలెను. కవి మాటను దిద్దరాదు. ఏది తప్పు, ఏది కవి మాట యను వివేకమే పరిష్కర్త ప్రజ్ఞ. అట్లే కారిన కెపాసిటరు తప్పు. లక్క చుక్క పాఠము. పాతదానిని గీకి, రంగు పూసి, అంగడి బొమ్మవలె మెఱపించువారు కొందఱున్నారు. వారి వస్తువు అందముగా ఉండును గాని దానియందు ఎవరును నివసించిన జాడ ఉండదు.

కుట్టుమిషను మనకు ఓర్పును నేర్పును. 1846లో ఎలియాస్ హౌ పేటెంటు పొందిన యంత్రములో సూదికి మొనయొద్దనే బెజ్జము, రెండు దారములు కలియు కుట్టు ఉన్నవి; నేటికిని మూలసూత్రము మాఱలేదు. కావున నూఱేండ్ల మిషను సైతము బాగుపడగలదు. బిగుసుకొనిపోయిన మిషను చక్రమును బలముగా త్రిప్పరాదు. కదలు ప్రతి కీలునకు మిషను నూనె చుక్క వేసి, మఱునాడు మరల వేసి, వారము దినములైనను వేచియుండవలెను. ఎండిన పాతనూనె కరగి, ఒకనాటి ఉదయమున చక్రము చేతికి లొంగును. నల్లని ఎనామెలుపై బంగారు లతలు చెఱగకుండ మెత్తని గుడ్డతోనే తుడువవలెను. ఘాటైన ద్రావకములు వానిని తినివేయును.

ఈ వ్యాసంగమున ప్రమాదములును కలవు; వానిని దాచుట పాఠకులకు అపకారము. ప్లగ్గు ఊడదీయక ఏ వస్తువును విప్పరాదు. వాల్వు రేడియోలో రెండు మూడువందల వోల్టుల కరెంటును దాచుకొను కెపాసిటర్లుండును. ప్లగ్గు తీసిన తరువాత కూడ అవి కొట్టగలవు. పాత గాజుబుడ్డి టెలివిజను, మైక్రోవేవ్ ఓవెను వేల వోల్టులతో పనిచేయునవి. వానిని అభ్యాసము లేనివారు తాకనేకూడదు. కొన్ని పాత ఇస్త్రీపెట్టెలలో ఆస్బెస్టాసు ఉండును. దాని పొడి పీల్చుట ఊపిరితిత్తులకు హాని. పాత రిఫ్రిజిరేటరులోని వాయువును గాలిలోనికి వదలరాదు. ఓజోను పొరను కాపాడుటకై 1987లో మాంట్రియలు ఒప్పందము కుదిరినది అట్టి వాయువుల విషయముననే. లోహపు పైకప్పు గల ప్రతి వస్తువునకు ఎర్తు తీగ సరిగా ఉన్నదో లేదో చూచిన పిదపనే దానిని ఇంట్లోవారి చేతికి ఇయ్యవలెను.

ఆక్షేపణలు రెండు తఱచుగా వినబడును. పాతవస్తువులు కరెంటు ఎక్కువ త్రాగునన్నది మొదటిది. ఇది కొంత నిజము. పాత పంకా సుమారు 75 వాట్లు తీసికొనును, క్రొత్తరకపు బి.ఎల్.డి.సి. పంకాకు 30 వాట్లు చాలును. రోజునకు పది గంటల చొప్పున మూడువందల రోజులు తిరిగినచో 135 యూనిట్లు తేడా వచ్చును. కావున పగలు రేయి తిరుగు పంకాను, రిఫ్రిజిరేటరును ఎంతకాలము నిలుపవలెనో లెక్క చూచుకొనవలసినదే. కాలితో త్రొక్కు కుట్టుమిషనుకు, దినమునకు అయిదు నిమిషములు తిరుగు మిక్సీకి, సాయంకాలము గంటసేపు పలుకు రేడియోకు ఈ లెక్క వర్తింపదు. వస్తువు నెఱుగక అన్నిటికిని ఒకే తీర్పు చెప్పుట న్యాయము కాదు.

ఔత్సాహికులు మెకానిక్కుల పొట్ట కొట్టుచున్నారన్నది రెండవది. నేను చూచినంతలో జరుగుచున్నది ఇందుకు వ్యతిరేకము. మోటారు చుట్ట కాలినప్పుడు ఔత్సాహికుడు పోవునది వైండింగు పనివానియొద్దకే. స్వయముగా విప్పి చూచినవాడు ఆ పనివాని నైపుణ్యమును గుర్తించును. వెల బేరమాడుటకు సిగ్గుపడును. లోపల ఏమున్నదో తెలియనివారే, ఇంత చిన్న పనికి ఇంత అడుగుదువా యని కసరుదురు. వీధి చివర మరమ్మతు దుకాణములు మూతపడుచున్నది ఔత్సాహికులవలన కాదు. బాగుచేయించుటయే నామోషీ యనుకొను మనవలన.

2009లో హాలండు దేశపు ఆంస్టర్‌డాం నగరమున మార్టిన్ పోస్ట్మా అను వనిత రిపేరు కఫే అను ఏర్పాటు ప్రారంభించెను. నియమిత దినమున చెడిన వస్తువులతో జనులు ఒకచోట కూడుదురు. తెలిసినవారు తెలియనివారి ప్రక్కన కూర్చుండి, వారిచేతనే బాగుచేయింతురు. ఇది అనేక దేశములకు ప్రాకినది. మన కళాశాలలలో, గ్రంథాలయములలో నెలకొక ఆదివారము ఇట్టి కూటమి ఏర్పఱచుట కష్టమేమియు కాదు. బల్లలు నాలుగు, మరచీలలు త్రిప్పు పనిముట్లు, ఒక మీటరు, టంకము వేయు సాధనము ఉన్నచో చాలును. పాలిటెక్నిక్కు విద్యార్థులు వత్తురు. దుకాణము మూసికొన్న వృద్ధ మెకానిక్కులు గురుస్థానమున కూర్చుందురు. సభలో శాలువా కప్పుటకంటె వారికి అది మిక్కిలి తగిన గౌరవము.

మొదలిడువారికి ఒక్క మనవి. పెద్దవానితో ప్రారంభింపకుడు. ఇంటిలో ఆగిపోయిన గోడగడియారమో, ముడి ఊడిన టేబులు లైటో, తీగ తెగిన ఇస్త్రీపెట్టెయో చాలును. విప్పు ప్రతి మరచీలను ఒక సాసరులో వరుసగా పెట్టుకొనుడు. ఏ తీగ ఎచ్చటిదో కాగితముపై బొమ్మ గీసికొనుడు. తెలియనిచో తెలిసినవారినడుగుడు. బాగుపడనిదానినుండియు పనికివచ్చు భాగములు తీసి దాచుకొనవచ్చును. మిగిలినది కుప్పలో వేయక విద్యుత్ వస్తువులు సేకరించువారికి అప్పగింపుడు. బాగుపడినచో, అది తిరిగి పలికిన తొలి నిమిషమున పిల్లలను దగ్గఱకు పిలిచి చూపుడు. కళాయి పూసిన గిన్నె తళుక్కున మెఱయునప్పుడు ఒకనాటి పిల్లలు పొందిన ఆనందము నేటి పిల్లలకును దక్కవలసినదే.